పెళ్ళి, ప్రేమ, యూదుల దేవదూతలు: ఏది నమ్మాలి, ఎలా చదవాలి, ఇంట్లో ఏం చెయ్యొచ్చు

మా పిన్ని కూతురికి సంబంధాలు చూస్తున్న రోజుల్లో ఎవరో దాని ఫోన్‌కి ఒక మెసేజ్ పంపారు. హనియేలు అనే యూదుల దేవదూత ప్రేమకీ పెళ్ళికీ అధిపతి అట, శుక్రవారం రాత్రి గులాబీ రంగు కొవ్వొత్తి వెలిగించి ఆ పేరు నూట ఎనిమిది సార్లు పలికితే నలభై రోజుల్లో సంబంధం కుదురుతుందట. "ఇది నిజమేనా అక్కా?" అని నన్ను అడిగింది, ఎందుకంటే నేను కొన్నేళ్ళుగా యూదుల గ్రంథాలు ఇంగ్లీషు అనువాదాల్లో చదువుతున్నానని మా ఇంట్లో అందరికీ తెలుసు. నేను యూదురాలిని కాను, క్రైస్తవ కుటుంబంలో పుట్టి ఆదికాండం వింటూ పెరిగినదాన్ని. ఆ రోజు దానికి ఫోన్‌లో చెప్పిందే ఇక్కడ ఇంకాస్త వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే పెళ్ళి కుదరక నలిగిపోతున్న మనిషి ఆశతో ఎవరూ ఆడుకోకూడదు.

నేను దానికి మొదట చెప్పింది ఇదే. యూదు సంప్రదాయంలో దేవదూతను మనం పిలవం. దేవుడు పంపితే వెళ్తాడు, మనకంటే ముందే వెళ్తాడు, చాలాసార్లు కనిపించడు కూడా. ప్రార్థన చేయడం, నీళ్ళు తోడటం, దీపం పెట్టడం, పిల్లని "నీకు ఇష్టమేనా" అని అడగడం, ఇవన్నీ మనుషులు చెయ్యాల్సిన పనులు.

పేరు వినగానే ఏం చూడాలి

హీబ్రూలో దేవదూతని మలాఖ్ అంటారు. కబురు మోసుకెళ్ళేవాడని అర్థం. యాకోబు తన అన్న ఏశావు దగ్గరికి పంపిన మనుషులకి కూడా బైబిల్లో ఇదే మాట వాడారు, అంటే ఆ మాట రెక్కల గురించి చెప్పదు, పని గురించి చెబుతుంది. హీబ్రూ బైబిల్ మొత్తంలో పేరుతో కనిపించే దేవదూతలు ఇద్దరే, గబ్రియేలు, మిఖాయేలు, ఇద్దరూ దానియేలు గ్రంథంలోనే. మిగతా పేర్లు ఎక్కడివి అంటారా? దేవదూతల పేర్లు బబులోను నుంచి వచ్చాయని యెరూషలేము తాల్ముదు అనే యూదు గురువుల గ్రంథమే చెబుతుంది. మరి హనియేలు? సంఖ్యాకాండం 34వ అధ్యాయంలో హన్నీయేలు అనే పేరుంది గానీ అతను మనష్షే గోత్రపు నాయకుడు, మనిషి. ఆ పేరుతో ఒక దేవదూత, అతనికి శుక్రగ్రహంతో ముడి, ఇవన్నీ ఎంతో తర్వాత వచ్చిన జాబితాల్లోవి.

అందుకని ఇలాంటిది ఏది వచ్చినా ముందు "ఇది ఏ పుస్తకంలో ఉంది?" అని అడగండి. బైబిలా, తాల్ముదా, మిద్రాషా, మంత్రాల పుస్తకమా? తాల్ముదు అంటే రబ్బీల, అంటే యూదు మతగురువుల, చర్చలు, తీర్పులు, కథలు కలిసిన పెద్ద సంపుటం. మిద్రాషు అంటే బైబిల్ వాక్యాల మధ్య ఖాళీల్లోంచి వాళ్ళు లాగిన అర్థాలూ కథలూ. ఈ రెంటిలో ఉన్నదానికి ఒక బరువుంది. పంపినవాళ్ళకి పుస్తకం పేరు తెలియకపోతే దాన్ని అక్కడితో వదిలేయండి.

అలాగని యూదుల్లో మంత్రాలు లేనే లేవని చెప్పడం కూడా అబద్ధమే అవుతుంది. సెఫెర్ హా రజీమ్ అని ఒక పాత పుస్తకం ఉంది, చెల్లాచెదురైన రాతప్రతుల ముక్కల నుంచి మొర్దెకాయ్ మర్గాలియోత్ అనే పండితుడు దాన్ని కూర్చి 1966లో అచ్చువేశాడు, అందులో ధనవంతురాలి మనసు తనవైపు తిప్పుకోవడానికి దేవదూతల్ని వేడుకునే ప్రయోగం ఉంది. ఇరాక్ ప్రాంతంలో తవ్వకాల్లో మట్టి గిన్నెలు దొరికాయి, సుమారు 5 నుంచి 7వ శతాబ్దం వరకు వాడినవి, లోపలివైపు అరామిక్ భాషలో మంత్రాలు గుండ్రంగా రాసి ఉంటాయి. వాటిలో నాకు మరిచిపోలేనిది లిలిత్ అనే ఆడ దయ్యానికి విడాకుల పత్రం రాసివ్వడం. మొగుడూ పెళ్ళాల మధ్య, పిల్లల మధ్య దూరిందని భయపడి, భర్త భార్యకి ఇచ్చే విడాకుల పత్రం మాటలతోనే "నిన్ను వదిలేశాం, పో" అని రాశారు. ఆ గిన్నెని గుమ్మం కింద పాతిపెట్టుకున్న తల్లి భయం చదివితే గుండె పట్టేస్తుంది.

కానీ పెద్దలు ఈ దారిని ఒప్పుకోలేదు. యెరూషలేము తాల్ముదులో దేవుడు అన్నట్టుగా ఒక మాట ఉంది, కష్టం వస్తే మిఖాయేలునో గబ్రియేలునో కేకవేయొద్దు, నన్నే కేకవేయి, వెంటనే పలుకుతాను అని. 12వ శతాబ్దంలో మైమోనిడీస్ అనే యూదు పండితుడు విశ్వాస సూత్రాలు పదమూడు రాసినప్పుడు అయిదోది దీని గురించే, ఆరాధన దేవుడికే, మధ్యలో దూతలెవరికీ కాదు. కాబట్టి ఒక సులువైన పరీక్ష పెట్టుకోండి: ఆ ప్రార్థన ఎవరి పేరుతో మొదలవుతోంది? దేవదూత పేరుతో అయితే అది యూదుల ప్రధాన మార్గం కాదు. డబ్బు అడిగితే ఇక ఆలోచించక్కర్లేదు.

నలభై రోజుల మాట అసలు ఎక్కడిది

మెసేజ్‌లో "నలభై రోజులు" అన్న ముక్క గాల్లోంచి ఊడిపడి ఉండకపోవచ్చు. బబులోను తాల్ముదు, సోటా భాగం రెండో పుటలో ఉంది: కడుపులో బిడ్డ రూపం దిద్దుకోవడానికి నలభై రోజుల ముందు ఆకాశం నుంచి ఒక స్వరం వెలువడి, ఫలానావాడి కూతురు ఫలానావాడికి, ఫలానా ఇల్లు ఫలానావాడికి, ఫలానా పొలం ఫలానావాడికి అని ప్రకటిస్తుందట. చాలామంది దీన్ని "దేవదూత పేర్లు చదువుతాడు" అని చెబుతారు గానీ అక్కడున్న మాట బత్ కోల్, ఆకాశవాణి అనుకోండి.

అదే పుటలో, దాని పక్కనే, ఇంకో మాట ఉంది. ఇద్దర్ని జతకలపడం ఎర్ర సముద్రాన్ని పాయలు చేసినంత కష్టం. ముందే రాసిపెట్టి ఉంటే కష్టం ఎందుకు? రబ్బీలకీ అదే అనుమానం వచ్చింది. రాసిపెట్టి ఉందన్నది మొదటి పెళ్ళి గురించి, కష్టమన్నది రెండో పెళ్ళి గురించి అని సర్దుకున్నారు. మైమోనిడీస్ అయితే పెళ్ళి మనిషి ఎంచుకుని చేసుకునే పని, ఇది ముందే నిర్ణయమై ఉండదు అని గట్టిగా వాదించాడు. నా అభిప్రాయం అడిగితే నేను మైమోనిడీస్ వైపు. "రాసిపెట్టి ఉంది" అన్న మాట ఓదార్పుగా మంచిదే, కానీ దాన్ని చూపించి దెబ్బలు తింటున్న ఆడపిల్లని "సర్దుకో" అని వెనక్కి పంపేవాళ్ళని చూశాను, అందుకని.

రోము దొరసాని కథ కూడా ఇక్కడే చెప్పాలి. దేవుడు ఆరు రోజుల్లో సృష్టి ముగించాడు కదా, అప్పటినుంచి ఏం చేస్తున్నాడు అని ఆమె రబ్బీ యోసె బెన్ హలఫ్తాని అడిగింది. పెళ్ళి సంబంధాలు కుదురుస్తున్నాడు అన్నాడాయన. అదెంత పని అని ఆమె తన దాసులు వెయ్యి మందిని, దాసీలు వెయ్యి మందిని వరసగా నిలబెట్టి ఒక్క రాత్రిలో జతలు కట్టేసింది. తెల్లారేసరికి ఒకరికి తల పగిలింది, ఒకరికి కన్ను పోయింది, ఒకరికి కాలు విరిగింది, "వీడు నాకొద్దు", "ఈమె నాకొద్దు" అని ఒకటే గోల. సంబంధాలు చూసే పెద్దలకి నేను ఈ కథే చెబుతాను, ఎత్తూ జీతమూ చూసి వరసలో నిలబెట్టి కట్టేస్తే ఇదే జరుగుతుంది.

మరి ప్రార్థన ఎలా చెయ్యాలి? తాల్ముదులోనే, మోయెద్ కటాన్ భాగంలో, ఒకతను "ఫలానా అమ్మాయే నాకు దక్కాలి" అని వేడుకోవడం రావా అనే పండితుడు విన్నాడు. అలా అడగకు అన్నాడు. ఆమె నీకు తగినదైతే నిన్ను దాటి పోదు, కాకపోతే నీకున్న నమ్మకమే పోతుంది. అంచేత పేరు పెట్టి పట్టుబట్టకండి. మంచి మనిషిని చూపించమని, చూసినప్పుడు గుర్తుపట్టే బుద్ధి ఇమ్మని అడగండి. ఇది చదివాక నా ప్రార్థనే మారింది, నిజంగా చెబుతున్నాను.

బావి దగ్గర ఏం జరిగిందో నెమ్మదిగా చదవండి

దేవదూత, పెళ్ళి అనే రెండు మాటలూ కలిసే అసలు చోటు ఆదికాండం 24వ అధ్యాయం. ఇస్సాకుకి పిల్లని చూడటానికి అబ్రాహాము తన ఇంటి పెద్ద సేవకుణ్ణి పంపుతాడు, ఆయనే ఎలీయెజెరు అని సంప్రదాయం. వెళ్ళే ముందు అబ్రాహాము, దేవుడు తన దూతను నీకు ముందుగా పంపుతాడు అంటాడు. మిద్రాషు ఇంకో అడుగు వేసి, ఆ పని మీద ఇద్దరు దూతలు నడిచారు, ఒకరు రిబ్కాని ఇంట్లోంచి బావి దగ్గరికి తీసుకురావడానికి, ఒకరు ఎలీయెజెరుకి తోడుగా అంటుంది. నాకు ఈ ఊహ చాలా ఇష్టం. రెండు వైపులా ఒకేసారి కదలిక ఉండాలి కదా, ఒక్కరే బయల్దేరితే సంబంధం ఎలా కుదురుతుంది?

ఇప్పుడు అధ్యాయం మొత్తం చదివి చూడండి, ఆ దూత ఒక్కసారి కూడా కనిపించడు. కనిపించేది సేవకుడి నడవడి. పది ఒంటెలతో ఊరి బయట బావి దగ్గర ఆగి, నేరుగా దేవుడికే మొక్కుకుని, ఒక గుర్తు పెట్టుకుంటాడు: నేను నీళ్ళు అడిగితే "నువ్వు తాగు, నీ ఒంటెలకి కూడా పోస్తాను" అనే అమ్మాయి. దాహంతో ఉన్న ఒంటె వంద లీటర్ల దాకా తాగగలదు, పది ఒంటెలకి కడవతో తోడి పోయడం అంటే ఎంతసేపు, ఎంత చాకిరీ! అందం గుర్తు పెట్టుకోలేదు, ఆస్తి పెట్టుకోలేదు. ముక్కూమొహం తెలియని బాటసారి మీద, నోరులేని పశువు మీద దయ ఉందా లేదా అని చూశాడు. పైగా ఆమె నీళ్ళు పోస్తున్నంతసేపూ మాట్లాడకుండా గమనిస్తూ నిలబడ్డాడని బైబిల్ ప్రత్యేకంగా చెబుతుంది.

ఇది మీరూ చెయ్యొచ్చు. పెళ్ళిచూపుల్లో మీతో ఎలా మాట్లాడారన్నది ఎవరైనా నటించగలరు. కాఫీ తెచ్చిన కుర్రాడితో, ఆటో అతనితో, ఇంట్లో పనిచేసే ఆమెతో ఎలా మాట్లాడారో చూడండి. అబ్బాయిలకీ ఇదే పరీక్ష.

తర్వాత అన్నా తండ్రీ ఒప్పుకున్నాక కూడా అమ్మాయిని పిలిచి "ఈ మనిషితో వెళ్తావా?" అని అడుగుతారు, "వెళ్తాను" అంటుంది. ఆడపిల్ల ఇష్టం లేకుండా పెళ్ళి చెయ్యకూడదని ఈ వాక్యం నుంచే నేర్చుకున్నాం అంటాడు రాషి అనే వ్యాఖ్యాత. ఇంతమంది దూతలు నడిపించిన సంబంధంలో కూడా ఆమెని అడిగారు! ఈ ఒక్క ప్రశ్న వదిలేసి దైవనిర్ణయం అని చెప్పుకునే హక్కు ఎవరికీ లేదని నా గట్టి నమ్మకం. అధ్యాయం చివర్లో ఇస్సాకు ఆమెను పెళ్ళాడాడు, ఆమెను ప్రేమించాడు అని ఆ వరసలోనే ఉంటుంది, పెద్దలు కుదిర్చిన పెళ్ళి చేసుకున్న మనవాళ్ళకి అది సులభంగా అర్థమవుతుంది.

పెళ్ళి రోజు, ఆ రాత్రి

ఆదాము హవ్వల పెళ్ళికి మిఖాయేలు, గబ్రియేలు పెళ్ళికొడుకు పక్కన తోడు నిలబడ్డారని, ఆశీర్వాదపు గిన్నె పట్టుకుని దేవుడే దీవించాడని మిద్రాషు. హవ్వ జుట్టు దేవుడే జడలల్లి తీసుకొచ్చాడని తాల్ముదు. పెళ్ళికూతురికి ఎవరూ లేని పెళ్ళి అది, అందుకే నాకు ఆ జడ సంగతి తలుచుకుంటే కళ్ళు చెమరుస్తాయి. దీని నుంచి చేయాల్సింది చాలా మామూలుది: మీకు తెలిసిన ఏ పెళ్ళిలోనైనా అమ్మాయి తరఫునో అబ్బాయి తరఫునో మనుషులు తక్కువ ఉంటే వెళ్ళి ఆ పక్కన నిలబడండి.

రఫాయేలు అనే దేవదూత కథ తోబీతు గ్రంథంలో ఉంటుంది. ఇది యూదులు రాసిందే, దీని అరామిక్, హీబ్రూ ముక్కలు మృతసముద్రం దగ్గర కుమ్రాన్ గుహలో దొరికాయి, కానీ హీబ్రూ బైబిల్లో చేరలేదు. మన దగ్గర కూడా కతోలికుల బైబిల్లో ఉంటుంది, ప్రొటెస్టంట్ బైబిల్లో ఉండదు, మా ఇంట్లో లేనిది అందుకే, నేను పెద్దయ్యాక చదివాను. శారా అనే అమ్మాయికి ఏడు సార్లు పెళ్ళయింది, ఏడుగురు పెళ్ళికొడుకుల్నీ అస్మోదియస్ అనే దయ్యం తొలి రాత్రే చంపేసింది. ఇంట్లో దాసి కూడా ఆమెనే నిందిస్తే ఆమె చచ్చిపోవాలనుకుంటుంది. రఫాయేలు మామూలు మనిషిలా, కూలికి దారి చూపించేవాడిలా, తోబియా అనే యువకుణ్ణి వెంటబెట్టుకుని ఆ ఇంటికి తీసుకొస్తాడు, తోబియాకీ శారాకీ పెళ్ళవుతుంది. ఆ రాత్రి, నదిలో పట్టిన చేప గుండె, కాలేయం నిప్పుల మీద వేస్తే ఆ పొగకి దయ్యం పారిపోయింది. శారా తండ్రి మాత్రం ఆ రాత్రే, ముందుజాగ్రత్తగా, అల్లుడికి గొయ్యి తవ్వించి పెట్టాడు! తెల్లారి బతికే ఉన్నాడని తెలిసి పూడ్పించాడు.

చేప సంగతి కథలో ఉంచండి. చెయ్యగలిగింది ఆ తర్వాతది: గది తలుపు మూశాక కొత్త దంపతులిద్దరూ లేచి నిలబడి కలిసి ప్రార్థన చేశారు. ఎంత భయంతో ఉండి ఉంటారు ఇద్దరూ! మొదటి రాత్రి అంటే సిగ్గూ హడావిడీ తప్ప ఇంకేం చెప్పని మన ఇళ్ళలో, ఇద్దరూ చేతులు పట్టుకుని రెండు నిమిషాలు కలిసి ప్రార్థన చేసుకోవచ్చని ఎవరైనా చెబితే బాగుండును. చివర్లో కూలి ఇస్తామంటే రఫాయేలు తీసుకోలేదు, దేవుణ్ణి స్తుతించండి అని చెప్పి వెళ్ళిపోయాడు.

మన దేశంలో ఇవి చూడాలనుకుంటే కొంకణ తీరం, ముంబై వైపు ఉన్న బెనె ఇజ్రాయెల్ యూదులు పెళ్ళిళ్ళలాంటి శుభకార్యాలకి మలీదా అనే వేడుక చేస్తారు, తీపి అటుకులు, కొబ్బరి, పళ్ళు పెట్టి ఏలీయా ప్రవక్తను తలుచుకుంటూ. మన తెలుగు నేలమీదే గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు మతం పాటించే బెనె ఎఫ్రాయిమ్ అనే చిన్న సమాజం ఉంది. ఎవరి దగ్గరికి వెళ్ళినా తమాషా చూడటానికి వెళ్ళకండి, ముందు అడిగి, పిలిస్తే వెళ్ళండి.

పెళ్ళయ్యాక, అసలు పని

దేవదూతలు పెళ్ళి కుదర్చడం కంటే నిలబెట్టడంలోనే ఎక్కువ కనిపిస్తారు.

అబ్రాహాము గుడారానికి ముగ్గురు అతిథులు వచ్చి "నీ భార్య శారా ఎక్కడ?" అని అడిగారు కదా. ఆమె గుడారంలో ఉందని దూతలకి తెలియదా? తెలుసు అంటుంది తాల్ముదు, భర్తకి ఆమె మీద ప్రేమ పెరగాలనే అడిగారు. అప్పటికి వాళ్ళిద్దరూ ముసలివాళ్ళు. ఆ కథలోనే శారా నవ్వుకుంటూ "నా భర్త ముసలివాడు" అనుకుంటే, దేవుడు అబ్రాహాముతో చెప్పేటప్పుడు ఆ ముక్క తీసేసి "నేను ముసలిదాన్ని" అన్నట్టుగా చెబుతాడు. ఇంట్లో సమాధానం కోసం దేవుడే మాట మార్చాడు అంటారు రబ్బీలు. అత్తమామలకి, ఆడపడుచులకి, స్నేహితులకి ఇందులో చెయ్యాల్సినవి రెండున్నాయి. ఎవరింటికైనా వెళ్తే భార్య వంటింట్లో ఉండిపోతే "ఆమె ఏది, పిలవండి" అని భర్త ముందే అడగండి, ఆమె చేసినదాన్ని పేరు పెట్టి మెచ్చుకోండి. ఒకరు కోపంలో అన్న మాట ఇంకొకరికి మోయకండి.

ఇక శుక్రవారం. కొవ్వొత్తి మెసేజ్ ఎంత తప్పైనా శుక్రవారం రాత్రికీ దీపానికీ దేవదూతలకీ యూదుల ఇళ్ళలో నిజంగానే సంబంధం ఉంది. షబ్బాత్, అంటే వాళ్ళ వారపు విశ్రాంతి దినం, మొదలయ్యే సాయంత్రం, సాధారణంగా సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు, దీపాలు వెలిగిస్తారు. మందిరం నుంచి మనిషి ఇంటికొచ్చేటప్పుడు ఇద్దరు దూతలు వెంట వస్తారట, ఒకరు మంచి, ఒకరు చెడు. దీపం వెలిగి, బల్ల మీద భోజనం సర్ది, పక్క పరిచి ఉంటే మంచి దూత "వచ్చే వారం కూడా ఇలాగే ఉండాలి" అంటాడు, చెడ్డ దూత ఇష్టం లేకపోయినా ఆమేన్ అనాలి. ఇల్లు చిందరవందరగా ఉంటే అదే మాట చెడ్డ దూత అంటాడు, మంచి దూత ఆమేన్ అనాలి. అందుకే భోజనానికి ముందు ఆ దూతలకి స్వాగతం చెప్పే శాలోమ్ అలెఖెమ్ పాట పాడతారు, ఆ వెంటనే ఇంటి ఇల్లాలి కోసం సామెతలు 31వ అధ్యాయంలోని గుణవతి అయిన భార్య పద్యం పాడతారు. వారం పొడవునా ఏం జరిగినా ఆ రాత్రి ఆమెకి ఆ పాట వినిపిస్తుంది.

మీరు యూదులు కాకపోతే వాళ్ళ షబ్బాత్‌ని నకలు చెయ్యమని నేను చెప్పను, అది దేవుడితో వాళ్ళకున్న నిబంధన. కానీ వారంలో ఒక రాత్రి ఎంచుకోండి. ఫోన్లు పక్కగదిలో పెట్టండి. ఇల్లు సర్దడం ఇద్దరూ చేయండి, ఇదంతా ఒక్క ఆడదాని నెత్తిన పడితే ఆ దీపానికి అర్థం లేదు. దీపం వెలిగించి, కూర్చుని తిని, ఆ వారంలో ఒకరికొకరు చేసిన ఒక్క మంచి పనైనా పైకి చెప్పుకోండి. మొదటి వారం ఇబ్బందిగా ఉంటుంది, మాటలు రావు, మాకూ రాలేదు. మానకండి, చెప్పిన మాట వచ్చే వారానికి కూడా తిరిగొస్తుందనే కదా ఆ ఇద్దరు దూతల కథ.

గొడవలు బాగా ముదిరిన ఇల్లైతే ఇద్దరివల్ల కాదు, మూడో మనిషి కావాలి. తాల్ముదులో, గిట్టీన్ భాగంలో, ఇద్దరు మనుషులు ప్రతి శుక్రవారం పొద్దుగూకే వేళకి సరిగ్గా పోట్లాడుకునేవారు, సాతాను రెచ్చగొట్టేవాడు. రబ్బీ మెయిర్ ఆ ఊరొచ్చి, వాళ్ళ మధ్య కూర్చుని, మూడు శుక్రవారాలు గొడవ జరగనివ్వకుండా ఆపాడు, చివరికి వాళ్ళు కలిసిపోయారు. మీ చెల్లి ఇంట్లోనో స్నేహితుడి ఇంట్లోనో ఇలా జరుగుతుంటే ఒక్కసారి వెళ్ళి సర్దిచెప్పి వచ్చేయకండి, కూరగిన్నె పట్టుకుని వరసగా మూడు వారాలు వెళ్ళండి. మూడో శుక్రవారం అయ్యాక సాతాను ఏడుస్తూ పోవడం రబ్బీ మెయిర్‌కి వినిపించిందట: "అయ్యో, మెయిర్ నన్ను నా ఇంట్లోంచి వెళ్ళగొట్టాడు!"